లండన్ పంతం, మా అక్క పొయ్యి

మా అక్క కెజయా టాటర్‌సాల్ ఈ జనవరిలో పోయింది. మా ఊరు బ్రాక్‌డెన్‌లోని లిబరల్ క్లబ్బు మేడమీద రెండు గదుల్లో నలభై రెండేళ్ళు కాపురముంది. బావ పోయిన దగ్గర్నుంచి ఆ గదుల్లో ఆమెతో ఉన్నదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి, ఆమె గురించి రాస్తే నేనే రాయాలి. రాద్దామని కూర్చున్న ప్రతిసారీ ముందు చిరాకు వస్తోంది. ఏడుపు దాని తర్వాత వస్తోంది.

ఆ చిరాకు ఇద్దరు పెద్దమనుషుల వల్ల. ఒకాయన ఆస్క్విత్, ఇంకొకాయన లాయిడ్ జార్జ్. మా అక్క వాళ్ళను పటాల్లో తప్ప చూడలేదు. వాళ్ళకు మా అక్క అనే మనిషి ఒకతె ఉందనే తెలియదు. ఇద్దరిదీ ఒకే లిబరల్ పార్టీ, ఒకే మంత్రివర్గం, ఏళ్ళ తరబడి పక్కపక్క ఇళ్ళు. యుద్ధం మధ్యలో, పంతొమ్మిది వందల పదహారు డిసెంబరులో, మొదటాయన ప్రధాని కుర్చీ దిగాల్సి వచ్చింది, రెండో ఆయన అందులో కూర్చున్నాడు. ఇక ఏడేళ్ళు ఎడమొహం పెడమొహం. లండన్‌లో దాన్ని రాజకీయం అన్నారు. మా ఊళ్ళో మాత్రం దానివల్ల మా అక్క రెండు పొయ్యిలు రాజేసి రెండు కుండల్లో టీ కాయాల్సి వచ్చింది.

క్లబ్బుకు స్టీవార్డుగా మొదట ఉన్నది మా బావ ఏమస్. ఊడవడం, పొయ్యిలు వెలిగించడం, టీ అందించడం, బిలియర్డ్స్ బల్ల దగ్గర పాయింట్ల లెక్క పిలవడం అన్నీ ఆయన పనే. మా క్లబ్బులో బీరు చుక్క కూడా ఉండదు, సభ్యులంతా మందు ముట్టని చాపెల్ మనుషులు. పదిహేడులో బావ యుద్ధానికి వెళ్ళి ఫ్లాండర్స్ బురదలో పోయాక, కమిటీవాళ్ళు నల్ల టోపీలు చేత్తో పట్టుకుని మేడ మీదికొచ్చి, "నువ్వే చూసుకో అమ్మా, గదులు నీవే" అన్నారు. అక్క మరుసటి రోజు పొద్దున్నే కిందికి వెళ్ళి పొయ్యిలు వెలిగించింది.

గదులు నీవే అన్నారు గానీ అది ఏడాదికి మాత్రమే. ప్రతి నవంబరులోనూ క్లబ్బు విందు ఉంటుంది. మాంసం, ఉల్లిపాయ, బంగాళాదుంపలు పెద్ద తొట్టి నిండా వేసి, మీద పిండి మూత పెట్టి కాల్చిన 'పై' అనే వంటకం, పక్కన ఎర్ర క్యాబేజీ ఊరగాయ. అది కోసే ముందు ప్రెసిడెంటు లేచి, "స్టీవార్డు కొనసాగవచ్చునా?" అని అడుగుతాడు. "కొనసాగవచ్చు" అని అందరూ బల్ల చరుస్తారు. ఒక్కడు అభ్యంతరమన్నా ఓటు పెట్టె బయటికి తియ్యాలి. ఒక్కొక్కరికీ ఒక తెల్లగోళీ, ఒక నల్లగోళీ. మూడు నల్లవి పడితే క్రిస్మస్‌లోగా గదులు ఖాళీ చెయ్యాలి. బావ ఉన్నన్నాళ్ళూ ఆ పెట్టె బీరువా దాటి రాలేదు.

గదులు పోతే మేము ఎక్కడికి పోవాలో మాకు తెలియదు. యుద్ధం తర్వాత ఊళ్ళో అద్దెకు ఇల్లు దొరికేది కాదు. మిల్లులో నేను నేసే నాలుగు మగ్గాలూ వారానికి మూడు రోజులే తిరిగేవి. అక్క కింద ఏం భరించినా ఆ రెండు గదుల కోసమే భరించింది.

ప్రెసిడెంటు జాబెజ్ విటం. మిల్లులో మగ్గాలు సరిచేసే మేస్త్రీ, పొడుగాటి మనిషి, ఆస్క్విత్ భక్తుడు. సెక్రటరీ ఈనక్ షారక్, బొగ్గు వ్యాపారి, పొట్టివాడు, లాయిడ్ జార్జ్ పేరెత్తితే నిలబడి మాట్లాడేవాడు. ఈనక్ అక్కనే జాబెజ్ చేసుకున్నాడు. ఇద్దరూ చాపెల్ పాటల్లో పక్కపక్కన నిలబడి పాడేవాళ్ళు. పదహారు డిసెంబరు తర్వాత మొదట పక్కపక్కన నిలబడటం మానేశారు. పద్ధెనిమిది ఎన్నికల్లో లాయిడ్ జార్జ్ సంతకం చేసిన ఉత్తరం ఎవరి దగ్గరుంటే వాళ్ళకే ప్రభుత్వ మద్దతు అన్నారు. ఆ ఉత్తరం మా ఊరి లిబరల్ అభ్యర్థికి రాలేదు, ఎదుటి పార్టీ టోరీకి వచ్చింది. మావాడు చిత్తుగా ఓడాడు. ఆ రోజు నుంచి బావా బావమరుదులకు మాటల్లేవు.

క్లబ్బు హాల్లో రెండు పొయ్యిలున్నాయి. వీధి వైపు పొయ్యి జాబెజ్ వర్గానిదైంది, కాలువ వైపుది ఈనక్ వర్గానిది. ఒక పొయ్యి మీద మరిగిన నీళ్ళు రెండో వర్గం తాగదు. పఠన గదిలో గోడ మీద ఇద్దరు నాయకుల పటాలూ పక్కపక్కనే ఉండేవి. ఒక సోమవారం ఒకటి మాయమైంది, మంగళవారం రెండోది మాయమైంది. బొగ్గుల గదిలో రెండూ దొరికితే అక్క తుడిచి, గుడ్డలో చుట్టి, అక్కడే అటక మీద పెట్టింది. గోడ మీద రెండు తెల్లటి చదరాలు మిగిలాయి. ఆ చదరాలను చూస్తూ కూడా పోట్లాడుకున్నారు.

అన్నిటికన్నా అక్క ప్రాణం తీసింది బిలియర్డ్స్ బల్ల. పలక మీద పేర్లు రాసుకోవాలి, గెలిచినవాడు పలకలో తర్వాతి పేరున్నవాడితో ఆడాలి, వాడెవడైనా సరే. ఆ రూలును మాత్రం ఎవరూ మీరరు. అందుకని వారానికి రెండుసార్లైనా ఆ ఇద్దరూ ఎదురెదురుగా వచ్చేవారు. లెక్క పిలిచేది అక్క.

"కెజయమ్మా, ఆ బొగ్గులాయనకి చెప్పు. చొక్కా చెయ్యి బంతికి తగిలింది. ఫౌలు."

"ఆయన మీ పక్కనే ఉన్నారు మిస్టర్ విటం. చెవులు బాగానే పనిచేస్తాయి."

"నాకాయనతో మాటల్లేవు."

"మిసెస్ టాటర్‌సాల్, మేస్త్రీగారికి చెప్పండి, తగల్లేదని. ఆయన కళ్ళజోడు మార్చుకోవాలని కూడా చెప్పండి."

"కళ్ళజోడు సంగతి మా ఆవిడ చూసుకుంటుందని చెప్పు."

"ఆ ఆవిడ మా అక్క అని చెప్పండి!"

"నేనెవరికీ ఏమీ చెప్పను," అంది అక్క. "ఒకరిది ఒకరికి వినిపించింది. ఫౌలు అయిందో లేదో నేను చూళ్ళేదు, టీ పోస్తున్నా. పోస్తున్నది ఎవరికని అడగొద్దు."

రాత్రి అన్నాల దగ్గర నాతో అనేది, "సారా, ఇద్దరు మగాళ్ళకి మాటల్లేకపోతే ఇల్లు ప్రశాంతంగా ఉండాలి కదే. వీళ్ళకి మాటల్లేకపోతే చెవులు పగిలిపోతున్నాయేంటి?"

అక్కకు ఓటు వచ్చింది పద్ధెనిమిదిలోనే. ఓటింగు రోజు సాయంత్రం రెండు పొయ్యిల నుంచీ వచ్చి అడిగారు, "ఎవరికేశావమ్మా?" అని. "తెర కట్టింది మీరు అడక్కూడదనే," అంది. దాంతో వీధి వైపువాళ్ళు ఆమె కాలువ వైపు అనుకున్నారు, కాలువ వైపువాళ్ళు వీధి వైపు అనుకున్నారు. ఎవరికి ముందు టీ పోసిందో, ఎవరి పళ్ళెంలో పిండి మూత ఎక్కువొచ్చిందో లెక్కపెట్టుకునేవారు. విందుకు రెండు తొట్లలో రెండు పైలు చెయ్యమన్నారు. పంతొమ్మిది నుంచి ఇరవై రెండు దాకా నాలుగేళ్ళు రెండు చేసింది. ఒకే మాంసం, ఒకే పిండి, ఒకే ఉప్పు. అయినా తమదే బాగుందని రెండు వర్గాలూ అన్నాయి.

ఇరవై మూడు శరదృతువులో అది ముదిరింది. అక్టోబరు చివర జాబెజ్ వంటగదిలోకి వచ్చి తలుపు మూశాడు.

"అమ్మా, నువ్వు మంచిదానివే. కానీ ఈసారి విందు లోపల నువ్వు ఎటో తేల్చు. మా వైపు పదిహేడు మందిమున్నాం. మూడు గోళీలు చాలు, తెలుసుగా."

మర్నాడు బొగ్గు బస్తాలు దింపించడానికొచ్చిన ఈనక్ అదే మాట అన్నాడు, కాకపోతే తమవాళ్ళు పద్ధెనిమిది మంది అన్నాడు.

ఆయన కూడా వెళ్ళాక అక్క స్టూలు మీద కూర్చుని నవ్వింది. "ఇటంటే వాళ్ళు తీసేస్తారు, అటంటే వీళ్ళు తీసేస్తారు. ఎటూ కాదంటే ఇద్దరూ కలిసి తీసేస్తారు. కలవడానికి వాళ్ళకి నేను దొరికానన్నమాట," అంది.

నవంబరులో ఎన్నికలొచ్చాయి. టోరీలు విదేశీ సరుకు మీద పన్ను వేస్తామన్నారు. పన్నులేని వ్యాపారమంటే లిబరల్ అనేవాడికి ప్రాణం, మా నూలు ఊళ్ళకు మరీను. ఆ దెబ్బకు లండన్‌లో ఆస్క్విత్, లాయిడ్ జార్జ్ కలిసిపోయారు. ఒకే పార్టీగా పోటీ చేస్తామని పేపర్లో పడింది. విందుకు ఇంకా మూడు రోజులుంది. నేను మిల్లునుంచి వచ్చేసరికి అక్క ఆ పేపరు బల్ల మీద పరిచి, దాని మీదే దుంపలు చెక్కుతోంది.

"చదివావా? అయిపోయిందే సారా. అయిపోయింది!" అంది. బావ పోయాక ఆమె గొంతు అంత తేలిగ్గా నేను వినలేదు.

అక్కడే ఆమె పొరపాటు పడింది. మా ఊళ్ళో ఎవరైనా పడేవాళ్ళే. పెద్దవాళ్ళు కలిశారు కాబట్టి చిన్నవాళ్ళ తగువు తీరిందనుకుంది. అటక మీది పటాలు తుడిచి మళ్ళీ తెల్ల చదరాల మీద వేలాడదీసింది. శనివారం రెండు తొట్లు పక్కన పెట్టి, బావ కాలంనాటి పెద్ద తొట్టి తీసి, ఒకటే పై చేసింది.

ముప్ఫై ఐదుమందీ వచ్చారు. నేను వంటగది కిటికీ దగ్గర పళ్ళేలు అందించడానికి నిలబడ్డాను. అక్క ఆ తొట్టిని రెండు చేతులా మోసుకొచ్చి హాలు మధ్యలో పెట్టింది. వీధి వైపువాళ్ళు కాలువ వైపు చూశారు, కాలువ వైపువాళ్ళు తొట్టి వైపు చూశారు.

జాబెజ్ లేచాడు. "రెండోది ఏదమ్మా?"

"రెండోది లేదు మిస్టర్ విటం. కలిశారుగా."

"ఎవరు కలిశారు?"

"పేపర్లో పడింది."

"లండన్‌లో కలిశారు. ఇక్కడ ఎవరు కలిశారు? నాకు ఎవరైనా క్షమాపణ చెప్పారా? నేను వినలేదే."

"ఎవరు ఎవరికి చెప్పాలి?" అని కాలువ వైపు నుంచి ఈనక్ అరిచాడు. ఐదేళ్ళలో నేరుగా అన్న మొదటి మాట అది. వెంటనే నాలుక కరుచుకుని అక్కవైపు తిరిగాడు. "మిసెస్ టాటర్‌సాల్, మేమెప్పుడు రాజీపడాలో మీరు వంటగదిలో నిర్ణయిస్తారా? ఒకటే పై చెయ్యమని మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. రెండు చెయ్యమని ఈ ఏడాది ఎవరూ చెప్పలేదు కూడా."

"అదీ సంగతి!" అన్నాడు జాబెజ్. "కమిటీని అడక్కుండా, పటాలు కూడా పెట్టేసింది. అదీ లాయిడ్ జార్జ్ పటం కిటికీ వైపు, వెలుతురులో."

"ఆస్క్విత్ పటం తలుపు వైపు పెట్టింది, లోపలికొచ్చినవాడికి ముందు అదే కనబడాలని!" అన్నాడు ఈనక్.

అక్క రెండు చేతులూ నడుం మీద పెట్టుకుంది. "పంతొమ్మిది వందల తొమ్మిదిలో మీరు కొట్టిన మేకులే అవి. ఏ మేకుకి ఏ పటమో అప్పుడు మీరిద్దరే పట్టుకుని చూశారు, ఆయన నిచ్చెన ఎక్కితే మీరు కింద పట్టుకున్నారు. నేను చూస్తుండగానే."

అది నిజమే. నిజం కాబట్టే ఇంకా కోపమొచ్చింది. జాబెజ్ గొంతు సవరించుకుని, అడగాల్సినట్టే అడిగాడు, "స్టీవార్డు కొనసాగవచ్చునా?" అడిగినవాడే, "నాకు అభ్యంతరం," అన్నాడు.

అప్పుడొక విచిత్రం జరిగింది. జాబెజ్ అభ్యంతరమన్నాడు కాబట్టి ఈనక్ ఊరుకోలేకపోయాడు. "ఏం చేసిందని అభ్యంతరం? ఆరేళ్ళుగా ఒక్క పొద్దు పొయ్యి ఆరలేదు ఈ క్లబ్బులో!"

"ఆరకపోవడానికి మీ బొగ్గు కాదు కారణం, ఆవిడే. సగం రాళ్ళే అందులో. ఆ రాళ్ళతో నిప్పు చేసిందంటే ఆవిడ గొప్పతనం!" అన్నాడు జాబెజ్. అంటూనే తను ఏమన్నాడో అర్థమై ఆగిపోయాడు.

"మరి అభ్యంతరం దేనికి?"

"పై కోసం."

"పై కోసమైతే నాకూ అభ్యంతరమే. మీ అభ్యంతరానికి మాత్రం నాకు అభ్యంతరం."

"పై చల్లారిపోతోంది నాయనా," అన్నాడు పలక దగ్గర కూర్చున్న ముసలి సైలస్. ఎవరూ వినలేదు.

అభ్యంతరం వచ్చాక పెట్టె రావాల్సిందే. ఆ పెట్టెను పట్టుకుని వరసల మధ్య తిరగాల్సింది కూడా, రూలు ప్రకారం, స్టీవార్డే. ఆ రూలు రాసినవాడెవడో గానీ వాడికి ఏమనిపించలేదా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యం. పెట్టెకు ముందు గుండ్రటి కంత ఉంటుంది. చెయ్యి మణికట్టుదాకా లోపల పెట్టి ఏదో ఒక గోళీ వదలాలి. రెండో గోళీ గుడ్డ సంచిలో వెయ్యాలి. అక్క పెట్టెను పొట్టకు ఆనించుకుని మొదట ప్రెసిడెంటు దగ్గరికి, తర్వాత వరసగా అందరి దగ్గరికీ, చివర సెక్రటరీ దగ్గరికి వెళ్ళింది. మా గదుల్ని తనే మోసుకుంటూ తిరిగి, ఒక్కొక్కరికీ చూపించి, ఉంచుతారా తీసేస్తారా అని అడుగుతున్నట్టుంది. ఎవరూ ఆమె ముఖంలోకి చూడలేదు. ఆమె మాత్రం అందరి ముఖాల్లోకీ చూసింది. జాబెజ్ దగ్గరా, ఈనక్ దగ్గరా అడుగు కదపడానికి ఒక్క క్షణం ఎక్కువ పట్టింది. అది తప్ప నాకేమీ కనబడలేదు.

జాబెజ్ పెట్టె తెరిచి గోళీలు పళ్ళెంలో పోశాడు. ముప్ఫై మూడు తెల్లవి, రెండు నల్లవి.

"రెండే. స్టీవార్డు కొనసాగవచ్చు," అన్నాడు. గొంతులో బరువు దిగినట్టే వినిపించింది. "ఇక కోద్దాం."

అక్క కత్తి ఇవ్వలేదు. "ఒక్క మాట," అంది.

"ఏంటమ్మా?"

"లండన్‌లో ఆ పెద్దమనుషులు కలుస్తారు, విడిపోతారు, మళ్ళీ కలుస్తారు. మీరు మీ ఇష్టం. మాట్లాడుకోండి, మానుకోండి, నాకనవసరం. కానీ వాళ్ళిద్దరికీ తగువొచ్చినప్పుడల్లా నా మంచం, నా గిన్నెలు, నా చెల్లెలు ఈ పెట్టెలో దొర్లడం కుదరదు. విసుగొచ్చేసింది నాకు. ఇవాళే రాయండి. నేను వెళ్తానన్నదాకా ఆ గదులు నావని. రాసేదాకా ఈ పై కోసేది లేదు."

"రూలు మార్చాలంటే ఒకరు ప్రతిపాదించాలి, ఇంకొకరు బలపరచాలి. అలా వెంటనే..."

"తెలుసు. మీరు ప్రతిపాదిస్తారు. మిస్టర్ షారక్ బలపరుస్తారు."

"నేనా?" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"మీరే. ఎందుకో ఇక్కడే అందరి ముందూ చెప్పమంటారా?" అని ఖాళీ పెట్టెను ఒకసారి అటూ ఇటూ ఊపింది.

జాబెజ్ మెడ దగ్గర్నుంచి పైకి ఎర్రబడ్డాడు. ఈనక్ తన బూట్లు చూసుకున్నాడు. తర్వాత జాబెజ్ ప్రతిపాదించాడు, ఈనక్ బలపరిచాడు. ఈనకే సెక్రటరీ కాబట్టి మినిట్సు పుస్తకంలో తన చేత్తోనే రాశాడు. అక్క భుజం మీదుగా చదివి, "'దయతో' అన్న మాట కొట్టెయ్యండి," అంది. కొట్టేశాడు.

ఎలా తెలిసిందని ఆదివారం పొద్దున అడిగాను. "తెల్లవి ఎముకతో చేసినవి, నల్లవి చెక్కవి. ఏటా దుమ్ము దులిపేదాన్ని నేనేగా. పెట్టె పొట్టకి ఆనించుకుంటే పడేది ఏదో చర్మానికి తెలుస్తుంది," అంది. మా వైపు పదిహేడు మంది, మా వైపు పద్ధెనిమిది మంది అని లెక్కలో చెప్పిన మిగతావాళ్ళందరూ తెల్లవే వేశారు. అందరి ముందూ ఆమెను మెచ్చుకున్న జాబెజ్, ఈనక్ ఇద్దరే నల్లవి వేశారు. "ఐదేళ్ళలో ఇద్దరూ ఒకేలా చేసిన పని ఒక్కటే, అదీ ఇది," అని, పేడకుప్ప తొక్కినదానిలా ముఖం పెట్టి టీ తాగింది. ఆ వారమంతా ఒక్కొక్కరే వంటగదికొచ్చి, "నాది కాదమ్మా ఆ నల్లది," అని చెప్పి వెళ్ళారు. ఆ ఇద్దరూ కూడా వచ్చారు. ఇద్దరికీ "సరే" అంది.

డిసెంబరులో మా లిబరల్ గెలిచాడు, ఏడాది తిరక్కుండా ఓడిపోయాడు. ఇరవై ఆరులో లండన్‌లో ఆ ఇద్దరికీ మళ్ళీ చెడింది. క్లబ్బులో మళ్ళీ గొణుగుళ్ళు మొదలైతే అక్క కాలువ వైపు పొయ్యి వెలిగించడం మానేసింది. చలికి అందరూ ఒకే పొయ్యి దగ్గరికి చేరారు, వీపులు ఒకరికొకరు తిప్పుకుని. పార్టీ కరిగిపోయింది, మిల్లు మూతపడింది, ఇంకో యుద్ధం వచ్చి పోయింది. జాబెజ్‌ను, ఈనక్‌ను చాపెల్ వెనక ఒకే వరసలో పూడ్చారు. అక్క మాత్రం ఆ గదులు వదల్లేదు. వెళ్తాననే మాట ఎన్నడూ అనలేదు.

జనవరిలో ఆమెను దించడానికి జాబెజ్ కొడుకు, ఈనక్ కొడుకు వచ్చారు. ఇద్దరూ అరవైకి దగ్గరపడ్డవాళ్ళు, వరసకు మేనత్త మేనమామ బిడ్డలు. క్లబ్బు మెట్లు ఇరుకు, సగంలో మలుపు. ఆమెను ఉంచిన శవపెట్టె ఆ మలుపు దగ్గర ఇరుక్కుంది.

"తలవైపు ముందు తిప్పు," అన్నాడు పైనున్నవాడు.

"కాళ్ళవైపే ముందు. మా నాన్న చెప్పేవాడు, ఈ మెట్ల మీద ఏది దించినా కాళ్ళవైపే అని."

"మీ నాన్నకి బొగ్గు బస్తాల సంగతి తెలుసు. ఇది బస్తా కాదు."

"మీ నాన్నకైతే ఏం తెలుసు?"

నేను పై మెట్టు మీద నిలబడి, ఇద్దరిలో ఎవరిని ముందు తిట్టాలో తెలియక ఊరుకున్నాను. పది నిమిషాలపాటు మా అక్క ఆ మలుపులోనే ఆగింది.